నీళ్లతో కొట్టుకునే గుండె: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

మేనకోడలు బుజ్జి తను చేసిన థర్మోకోల్ గుండెను తెచ్చి నా పనిబల్ల మీద పెట్టింది. సగం ఎరుపు, సగం నీలం, చుట్టూ గుండుసూదులకు గుచ్చిన చీటీలు. "దీన్ని కొట్టుకునేలా చెయ్యి మామయ్యా" అంది. మోటార్లు, పంపులు విప్పి బిగించడమే నా పని. గుండె కూడా పంపే కదా, నాలుగు గదులు, నాలుగు వాల్వులు, వారంలో తేల్చేద్దాం అన్నాను. (డైరీ సాపు రాస్తూ ఈ మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీలే.)

థర్మోకోల్‌తో అయ్యే పని కాదు, నీళ్లతో నడిచే నమూనా కావాలి. ముందు కాగితం మీద దారి గీశాం. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తం రెండు మహాసిరల్లోంచి కుడి కర్ణికలో పడుతుంది. దాని కింద ఉన్న కుడి జఠరిక ఆ రక్తాన్ని పుపుస ధమనిలోకి నెట్టి ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ఆక్సిజన్ ఎక్కించుకున్న రక్తం పుపుస సిరల్లో ఎడమ కర్ణికకు వచ్చి, ఎడమ జఠరికలోకి దిగి, బృహద్ధమని గుండా మళ్లీ ఒంట్లోకి పోతుంది. గీత పూర్తయ్యాక కాసేపు దానివంకే చూస్తూ కూర్చున్నాను. ఇది ఒక పంపు కాదు, రెండు. మొదటిది తోడిపోసింది రెండోది అందుకోవాలి, రెండోది తోడిపోసింది తిరిగి మొదటిది అందుకోవాలి. మధ్యలో ఒకే గోడ పంచుకున్నాయి కాబట్టి బయటికి ఒకటే అనిపిస్తుంది, అంతే.

బుజ్జికి నీలం రంగు వాడాలని ఉంది. నేను ఒప్పుకోలేదు. సిరల్లో రక్తం నీలంగా ఉండదు, ముదురు ఎరుపుగా ఉంటుంది. బొమ్మల్లో నీలం వేసేది తేలిగ్గా గుర్తుపట్టడానికే. "మరి ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం అంటారుగా?" అంది. పుపుస ధమనిలో పోయేది ఆక్సిజన్ తగ్గిన రక్తం, పుపుస సిరల్లో వచ్చేది ఆక్సిజన్ నిండిన రక్తం. ఆ లెక్క అక్కడే తిరగబడుతుంది. గుండె నుంచి బయటికి పోయేది ధమని, గుండెకు వచ్చేది సిర, రంగుతో పనిలేదు. నమూనాలో ఎటూ అవే నీళ్లు తిరుగుతాయి కాబట్టి రంగు నీళ్లకు వద్దు, పైపులకు టేపు చుడదాం అని రాజీకొచ్చాం. కుడికి మెరూన్, ఎడమకు ఎరుపు.

2వ రోజు

అక్క గుండె జబ్బుల వార్డులో నర్సు. ఫోన్లో నా ప్లానంతా విని, "పైపులు కొయ్యకముందు అసలుదాన్ని ఒకసారి కోసి చూడరా" అంది. మేక గుండె ఒకటి తెచ్చి ట్రేలో పెట్టాం. మనిషి గుండెకంటే చిన్నది గానీ ఏర్పాటు అదే, పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. మనిషిదైతే పిడికిలంత ఉంటుంది, పెద్దవాళ్లలో సుమారు 250 నుంచి 350 గ్రాములు.

ఏది ఎడమో ఏది కుడో తేల్చుకోవడానికే పావుగంట పట్టింది. ఎదురుగా పెట్టుకుంటే దాని ఎడమ మన కుడిచేతి వైపు వస్తుంది. నేను చీటీలు తారుమారుగా పెట్టాను, బుజ్జి పట్టేసింది. అన్నిటికంటే సులువైన గుర్తు వేలితో నొక్కడం. ఒక పక్క మెత్తగా లోపలికి పోతుంది, అది కుడి. ఇంకో పక్క గట్టిగా వేలికి ఎదురు తిరుగుతుంది, అది ఎడమ.

కొయ్యకముందు ఒక సరదా పని చేశాం. బృహద్ధమని మొదలును నిటారుగా పట్టుకుని అందులో నీళ్లు పోశాం. లోపల మూడు రెక్కలు జేబుల్లా ఉబ్బి ఒకదానికొకటి ఆనుకున్నాయి, నీళ్లు నిలబడిపోయాయి. పైనుంచి చూస్తే మూడు చంద్రవంకలు కలిసినట్టుంది. ఊరికే వాటికి అర్ధచంద్రాకార కవాటాలని పేరు పెట్టలేదు. కాసేపటికి నీటిమట్టం మెల్లగా దిగడం మొదలైంది. వాల్వు లీకు అని తీర్పు చెప్పేశాను. కాదు. రెక్కల వెనక, ధమని గోడకు రెండు చిన్న కన్నాలున్నాయి, నీళ్లు అందులోకి పోతున్నాయి. అవి హృదయ ధమనుల ద్వారాలు. గుండె తన గదుల నిండా రక్తం పెట్టుకుని కూడా అందులోంచి తన కండరానికి కావలసింది పీల్చుకోదు. బయటికి పంపినదాంట్లోంచి ఈ రెండు కన్నాల గుండా తన వాటా తాను తీసుకుంటుంది. మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆ వాటా మొత్తంలో నూటికి ఐదు పాళ్ల దాకా ఉంటుంది.

కోశాక తేడా కంటికే తెలిసింది. ఎడమ జఠరిక గోడ కుడిదానికి దాదాపు మూడింతలు. మనిషిలో ఎడమ గోడ ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఉంటే, కుడిది మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లే. కర్ణికలైతే ఉత్త పలచటి సంచులు.

కుడి జఠరిక లోపల గోడ నుంచి గోడకు అడ్డంగా సన్నటి కండరపు వంతెన ఉంది. అది చూసుకోక కత్తితో సగం తెగ్గొట్టాను. కుడి గోడకు కరెంటు తీసుకుపోయే తీగ దాని గుండానే వెళ్తుందని తర్వాత తెలిసింది. మా పనిలోనూ అంతే, అక్కర్లేనట్టు కనిపించే వైరే ముందు తెగుతుంది.

ఇక తాళ్లు. కర్ణికకూ జఠరికకూ మధ్య ఉన్న వాల్వు రెక్కల అంచుల నుంచి తెల్లటి దారాలు కిందికి దిగి, గోడమీద మొలిచిన చిన్న కండరపు మొటికలకు అతుక్కుని ఉన్నాయి. పట్టకారుతో ఒకదాన్ని పట్టుకుని లాగాను. గుండె మొత్తం ట్రేలోంచి లేచింది గానీ దారం తెగలేదు. ఇవి ఎందుకున్నాయో నాకప్పుడు అర్థం కాలేదు. నమూనాలో వీటిని వదిలేద్దామని నిర్ణయించుకున్నాను కూడా.

చివరగా, కోసిన కుడి జఠరికలో నీళ్లు నింపి, నడిమి గోడ అవతలివైపు తడి వస్తుందేమో చూశాం. చుక్క కూడా రాలేదు. రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్ ఆ గోడకు కంటికి కనిపించని రంధ్రాలున్నాయని, రక్తం కుడి నుంచి ఎడమకు వాటిగుండా ఇంకుతుందని అన్నాడు. వెయ్యేళ్లకు పైగా అదే చెల్లింది. 13వ శతాబ్దంలో అరబ్బు వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ ఆ గోడ గట్టిది, రంధ్రాలేవీ లేవు, రక్తం ఊపిరితిత్తుల మీదుగా తిరిగి రావలసిందేనని రాశాడు.

4వ రోజు

నాకు తెలిసిన వాల్వంటే ఇత్తడి రెక్క, దాని వెనక స్ప్రింగు. గుండె కవాటానికి స్ప్రింగు లేదు, దాన్ని తెరిచి మూసే కండరం కూడా ఏదీ లేదు. వెనక ఒత్తిడి ఎక్కువైతే తెరుచుకుంటుంది, ముందు ఎక్కువైతే మూసుకుంటుంది. మొత్తం కథ అంతే. కాబట్టి సులువే అనుకున్నాను.

ప్లాస్టిక్ పైపు ముక్కలను రింగుల్లా కోసి, పాత రబ్బరు గ్లవ్‌లోంచి రెక్కలు కత్తిరించి అతికించాం. ఎడమ పక్క కర్ణిక జఠరికల మధ్య రెండు రెక్కలు, కుడి పక్క మూడు. మొదటి పరీక్షలో కిందినుంచి నీళ్లు నెట్టగానే రెక్కలు చక్కగా కలిశాయి. ఇంకొంచెం గట్టిగా నెట్టగానే రెండూ గొడుగు గాలికి తిరగబడ్డట్టు పైకి తిరగబడ్డాయి, నీళ్లన్నీ కర్ణికలోకి చిమ్మాయి. బుజ్జి మొహం తుడుచుకుంటూ, "మేక గుండెకు తాళ్లున్నాయి మామయ్యా" అంది.

సరే, తాళ్లు కట్టాం. రెక్క అంచుకు నాలుగేసి నైలాన్ దారాలు. పొట్టిగా కడితే రెక్కలు కలవడం లేదు, పొడుగ్గా కడితే మళ్లీ తిరగబడుతున్నాయి. ఒక మిల్లీమీటరు తేడాకే ఆట మారిపోతోంది. అదీ కుదిరాక ఇంకో చిక్కు. దారాల రెండో కొస జఠరిక అడుగుకు కట్టాను. జఠరికను పిండగానే అడుగు పైకి లేస్తుంది, దారాలు వదులవుతాయి. సరిగ్గా బిగువు కావలసిన క్షణంలోనే వదులు! ఆ మొటికలు ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. జఠరిక ముడుచుకునేటప్పుడు అవి కూడా ముడుచుకుని, వదులైనంత మేరా దారాన్ని లాక్కుంటాయి. నా దగ్గర ముడుచుకునే మొటికలు లేవు కాబట్టి, రింగు నుంచే కిందికి సన్నటి తీగతో చిన్న పంజరం దించి, దారాలను దానికి కట్టాను. ఇది మోసమే. కానీ పనిచేస్తోంది.

బయటికి పోయే దారుల్లోని వాల్వులకు ఈ బాధ లేదు. అవి జేబులు, తిరగబడటానికి అంచు వేలాడదు. లియొనార్డో డావిన్సీ 1513 ప్రాంతంలో ఎద్దు గుండెను పరీక్షించి, బృహద్ధమని మొదట్లో ఉన్న ఉబ్బును గాజుతో నమూనా చేసి, నీళ్లలో గడ్డిగింజలు వదిలి సుడులు చూడాలని తన నోట్సులో రాసుకున్నాడు. ఆ సుడులే రెక్కలు మూసుకోవడానికి సాయపడతాయని అతని ఊహ. నాలుగు శతాబ్దాల పైచిలుకు తర్వాత ప్రయోగాల్లో ఆ ఊహ నిలబడింది. మేమూ పారదర్శకపు గొట్టంలో గింజలు వదిలాం. రెక్కల వెనక గింజలు గిర్రున తిరిగి కాసేపు అక్కడే ఉండిపోయాయి. ఆ సాయంత్రం ఇంకేం పని జరగలేదు, ఇద్దరం గింజలు చూస్తూ కూర్చున్నాం.

7వ రోజు

జఠరికలుగా రెండు 60 మి.లీ. సిరంజిలు బిగించాను. మనిషి గుండె ఒక్కో దెబ్బకు సుమారు 70 మి.లీ. పంపుతుంది కాబట్టి దగ్గర్లో ఉన్నట్టే. రెండు పిస్టన్లూ ఒకే మోటారుకు, నిమిషానికి 40 దెబ్బలు. ఒక తొట్టి పేరు ‘ఒళ్లు’, ఇంకోదాని పేరు ‘ఊపిరితిత్తులు’. స్విచ్ వేశాం. నడిచింది! బుజ్జి చప్పట్లు కొట్టింది.

నాలుగు నిమిషాలకు ఊపిరితిత్తుల తొట్టి పొంగి బల్లమీద పడింది.

తుడిచి, నీళ్లు సర్ది, మళ్లీ నడిపాం. మళ్లీ అదే తొట్టి, దాదాపు అదే సమయానికి. రెండు సిరంజిలూ ఒకే కొలత, ఒకే మోటారు, తేడా ఎక్కడిది? ఒక్కో దెబ్బను కొలిస్తే దొరికింది. ఎడమ పక్క రెండు రెక్కల వాల్వు దెబ్బకు మూడు మి.లీ. వెనక్కి వదిలేస్తోంది. కుడి పక్క 60 పంపుతుంటే ఎడమ 57 మాత్రమే ముందుకు పంపుతోంది. దెబ్బకు మూడు, నిమిషానికి 120, నాలుగు నిమిషాలకు అర లీటరు దగ్గర. తొట్టిలో ఉన్న ఖాళీ అంతే.

రాత్రి అక్కకు చెప్పాను. ఆమె నవ్వలేదు. "మా వార్డులో రోజూ చూసేది అదేరా. ఎడమ పక్క బలహీనపడితే నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరతాయి. పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటేగానీ ఊపిరాడదు. కుడి పక్క దెబ్బతింటే వెనక ఉన్నది ఒళ్లు కాబట్టి కాళ్లు వాస్తాయి." నా బల్లమీద పొంగిన నీళ్లకు వార్డులో ఒక పేరుంది.

వాల్వు సరిచేస్తే చాలనుకున్నాను. పడుకున్నాక లెక్క వేస్తే నిద్ర పట్టలేదు. మూడు మి.లీ. కాదు, ఒక చుక్క తేడా ఉన్నా చాలు. గుండె రోజుకు లక్ష సార్లు కొట్టుకుంటుంది. లక్ష చుక్కలంటే దాదాపు ఐదు లీటర్లు, అంటే ఒంట్లో ఉన్న రక్తమంతా. రెండు పంపులను ఒక చుక్క తేడా కూడా లేకుండా ఏ మెకానిక్కూ చెయ్యలేడు. మరి అది ఎలా నెట్టుకొస్తోంది?

10వ రోజు

సిరంజిలు పీకేశాను. తప్పు వాటిలోనే ఉంది. సిరంజి పిస్టన్ వెనక్కి వచ్చేటప్పుడు తొట్టిలో నీళ్లు ఎక్కువున్నా తక్కువున్నా సరిగ్గా 60 మి.లీ. గుంజుతుంది. దానికి వెనక ఎంత పేరుకుందో తెలియదు. వాటి స్థానంలో పిడికిలంత మెత్తటి రబ్బరు తిత్తులు పెట్టి, రెండు పలకల మధ్య పిండేలా చేశాను. తిత్తి తనంతట తాను గుంజదు, పైనున్న తొట్టిలోంచి ఎంత దిగితే అంత నిండుతుంది. దెబ్బకు 50 మి.లీ. వస్తోంది.

ఈసారి ఊపిరితిత్తుల తొట్టి మట్టం మూడు వేళ్లు పెరిగి ఆగిపోయింది. పది నిమిషాలు, ఇరవై, గంట. అక్కడే ఉంది. తొట్టిలో మట్టం పెరిగితే ఎడమ తిత్తి ఇంకొంచెం ఎక్కువ నిండుతుంది, ఎక్కువ నిండితే ఎక్కువ పంపుతుంది, తేడా పూడిపోతుంది. ఎవరూ ఏమీ సర్దలేదు. నేను కావాలని ఎడమ వాల్వులో ఒక దారం తెంపాను. మట్టం ఇంకో రెండు వేళ్లు లేచి మళ్లీ నిలబడింది.

అసలు గుండె ఇంకో మెట్టు పైన ఉంది. నా రబ్బరుది ఉత్త నింపుడు లెక్క. గుండె కండరం సాగినకొద్దీ ఇంకా బలంగా ముడుచుకుంటుంది, ఒక హద్దు దాటనంతవరకూ. ఒట్టో ఫ్రాంక్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞుల పేర్లు కలిపి దీన్ని ఫ్రాంక్ స్టార్లింగ్ నియమం అంటారు. వచ్చినదంతా పంపెయ్, ఇంతే దాని డ్యూటీ. మెదడు నుంచి ఉత్తర్వు రానక్కర్లేదు.

అక్క వచ్చి చూసి, లేచిన మట్టాన్ని వేలితో చూపించింది. "సర్దుకుంది నిజమే. కానీ ఊరికే సర్దుకోలేదు, ఇదిగో ఈ ఎత్తు చెల్లించి సర్దుకుంది. కొందరికి ఏళ్ల తరబడి జబ్బు తెలియకపోవడానికి కారణం ఇదే."

13వ రోజు

ఒత్తిడి కొలవాలి. వాల్వు దాటాక ఒక నిలువు గొట్టం పెడితే నీళ్లు ఎంత ఎత్తు లేస్తే అంత ఒత్తిడి. ఇంగ్లండు పరిశోధకుడు స్టీఫెన్ హేల్స్ గుర్రం ధమనికి గాజు గొట్టం పెట్టి చూస్తే రక్తం ఎనిమిది అడుగులు దాటి లేచిందట, 1733లో అచ్చువేశాడు. మాది నీళ్లే కాబట్టి నెత్తురు చిందే బాధ లేదు.

డాక్టర్లు చెప్పే 120 అంటే పాదరసం 120 మిల్లీమీటర్లు. పాదరసం నీళ్లకంటే 13.6 రెట్లు బరువు కాబట్టి నీళ్లలో అది 163 సెంటీమీటర్లు, దాదాపు బుజ్జి ఎత్తు. పుపుస ధమనిలో పై ఒత్తిడి 25 అటూ ఇటూ, అంటే నీళ్లలో 34 సెంటీమీటర్లు, మోకాలికి కూడా రాదు. రెండు గీతలూ గోడమీద గీశాం. రెండు పక్కలా పోయేది ఒకే నీరు, లేవాల్సిన ఎత్తు మాత్రం ఇంత తేడా. ఊపిరితిత్తులు పక్కనే ఉన్నాయి, దారి వెడల్పు. ఎడమ పక్కది నెత్తి నుంచి అరికాలి దాకా నెట్టాలి.

కుడి తిత్తి తన గీతను ఇట్టే అందుకుంది. ఎడమది మీటరు దాటాక పక్కలకు ఉబ్బడం మొదలెట్టింది. మోటారు నెట్టిన బలమంతా నీళ్లను లేపడానికి బదులు రబ్బరును సాగదీయడానికి పోతోంది. తిత్తి చుట్టూ గట్టి గుడ్డను మూడు పొరలు బిగించి కుట్టాక 150 సెంటీమీటర్లు దాటింది. మేక గుండె ఎడమ గోడ గుర్తొచ్చింది. అదీ మూడింతలే.

అసలు చిక్కు వేరే ఉంది. గొట్టంలో నీళ్లు దెబ్బ పడగానే ఎగిరి, మరుక్షణం అడుగుకు పడిపోతున్నాయి. మనిషికి 120 పక్కన 80 ఉంటుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య కూడా ఒత్తిడి సున్నాకు దిగదు. నాది గట్టి ప్లాస్టిక్ పైపు. దాన్ని తీసి మూరెడు రబ్బరు గొట్టం వేశాం. మార్పేమీ లేదు! రెండు గంటలు పోయాక వెలిగింది, నీళ్లు అవతల అడ్డు లేకుండా తొట్టిలోకి జారిపోతుంటే రబ్బరు సాగేదెప్పుడు? చివర కుళాయి బిగించి సగానికి పైగా కట్టేశాను. ఇప్పుడు దెబ్బ పడినప్పుడు గొట్టం ఉబ్బుతోంది, తిత్తి సడలి వాల్వు మూసుకున్నాక అదే గొట్టం కుంచించుకుపోతూ నీళ్లను ముందుకు నెడుతోంది. నిలువు గొట్టంలో మట్టం 70 సెంటీమీటర్ల కిందికి పడటం లేదు. బృహద్ధమని చేసే పని ఇది, చిన్న ధమనులు చేసేది కుళాయి పని.

రబ్బరు తీసి ప్లాస్టిక్ పైపు మళ్లీ పెట్టి, కుళాయి అలాగే ఉంచి చూశాం. పై గీత ఇంకా పైకి, కింది గీత ఇంకా కిందికి పోయింది. ధమనులు బిరుసెక్కిన పెద్దవాళ్ల బీపీ చీటీల్లో కనిపించేది ఇదేనట.

16వ రోజు

ఇంతవరకూ కర్ణికలు ఉత్త గిన్నెలు. వాటికీ మెత్తటి సంచులు పెట్టి చిన్న మోటార్లు తగిలించాం. మోటార్లను నడిపే చిన్న కంప్యూటరు బోర్డు ఆర్డుయినోలో బుజ్జి టైమింగ్ రాసింది. నిమిషానికి 75 దెబ్బలైతే ఒక్కోదానికి 0.8 సెకన్లు. అందులో కర్ణికలు ముడుచుకునేది 0.1, తర్వాత జఠరికలు 0.3, మిగతా 0.4 అందరికీ సెలవు. మా మోటారు అంత వేగం అందుకోలేదు, అన్నిటినీ దాదాపు రెట్టింపు చేశాం.

మొదట నిజం చెప్పుకోవాలి. కర్ణికలు కలపడం వల్ల వచ్చిన లాభం పెద్దగా లేదు. జఠరిక సడలగానే నీళ్లు వాటంతట అవే చాలామటుకు దిగిపోతున్నాయి, కర్ణిక చివర్లో ఒక నొక్కు నొక్కి కాస్త అదనంగా నింపుతుంది. మనిషిలోనూ విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆ అదనం నాలుగో వంతు అటూ ఇటూ. కర్ణికలు లయ తప్పి వణుకుతున్న మనుషులు కూడా నడిచి తిరుగుతున్నారంటే అందుకే.

కానీ టైమింగ్ తప్పితే మాత్రం గొడవే. బుజ్జి పొరపాటున ఆలస్యాన్ని సున్నా పెట్టింది. కర్ణికా జఠరికా ఒకేసారి పిండుకున్నాయి. కింద వాల్వు మూసి ఉంది, కర్ణికలోని నీళ్లకు దారి లేక వెనక్కి, మహాసిర గొట్టంలోకి తన్నాయి. గొట్టం ఎగిరిపడింది. వీడియో అక్కకు పంపితే, "పై గదులకూ కింది గదులకూ పొత్తు తెగిన పేషెంట్ల మెడలో సిర ఇలాగే ఎగిరిపడుతుంది" అని జవాబు.

గుండెలో ఈ ఆలస్యాన్ని పెట్టేది ఒక చిన్న ముడి. కుడి కర్ణిక పైభాగాన ఉన్న సిరాకర్ణిక కణుపులో దెబ్బ పుడుతుంది. దాన్ని 1907లో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గుర్తించారు. అక్కడి నుంచి కర్ణికలంతా పాకి, కిందున్న కర్ణికా జఠరికా కణుపు దగ్గర సుమారు 0.1 సెకను నిలబడుతుంది. ఆలస్యం పెట్టే ముడి ఇదే. 1906లో తవారా అనే జపాన్ శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించాడు. కర్ణికలకూ జఠరికలకూ మధ్య ఉన్న నారపు పొర కరెంటును పోనివ్వదు, దారి ఆ ఒక్క ముడి గుండానే. అక్క రోజూ చూసే ఈసీజీ కాగితం మీద పై గదుల గుట్ట మొదలైన దగ్గర్నుంచి కింది గదుల ముల్లు మొదలయ్యేదాకా మూడు నుంచి ఐదు చిన్న గళ్లు ఉండాలి. ఒక్కో గడి 0.04 సెకను. ఐదు దాటితే డాక్టరుకు చెప్తుందట.

ఇంకో సంగతి. మా పలకలు తిత్తిని పైనుంచి నొక్కేవి, బయటికి పోయే దారి కూడా పైనే ఉంది. పిండగానే దారే నొక్కుకుపోయి నీళ్లు కింద చిక్కుకున్నాయి. పలక మడతబందును పైకి మార్చి, అడుగు ముందు మూసుకునేలా చేశాక సాఫీ అయింది. గుండెలో కరెంటు మోసే తీగల్లాంటి హిస్ కట్ట, దాని కొమ్మలు, పర్కింజీ తంతువులు దెబ్బను ముందు కొన దాకా దించి, అక్కడి నుంచి పైకి పాకిస్తాయి. పైగా కండరపు పోగులు మెలికలుగా అల్లుకుని ఉండటంతో ఎడమ జఠరిక తడిబట్ట పిండినట్టు మెలితిరుగుతూ ముడుచుకుంటుంది. మెలితిప్పే పలక చెయ్యడం నావల్ల కాదు, ఒక పూట ప్రయత్నించి వదిలేశాను.

18వ రోజు

స్టెతస్కోపు పెడితే మోటారు రొద తప్ప ఏమీ వినపడలేదు. కాగితాన్ని గొట్టంలా చుట్టి వాల్వు రింగుకు ఆనించి వింటే కాస్త నయం. 1816లో స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్ మొదలెట్టిందీ కాగితం చుట్టతోనే. మోటారు కిందికి స్పాంజి దూర్చాక రెండు చప్పుళ్లు విడివిడిగా తెలిశాయి. తిత్తి పిండుకోవడం మొదలవగానే కర్ణికా జఠరికల మధ్య వాల్వులు మూసుకునే బరువైన చప్పుడు ఒకటి, పిండటం అయ్యాక బయటి దారుల వాల్వులు మూసుకునే పొట్టి చప్పుడు ఇంకోటి. దారం తెంపిన ఎడమ వాల్వు దగ్గర వాటి మధ్య "ష్‌ష్" అని సన్నటి ఈల. నీళ్లు ఇరుకు సందులోంచి చిమ్మే చప్పుడది. పంపుల్లో ఈ చప్పుడు విని వాషర్ పోయిందని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. డాక్టర్లు దాన్ని మర్మర్ అంటారు.

21వ రోజు

ఒంటి తొట్టికి వచ్చే గొట్టం తీసి బకెట్‌లో పెట్టాం. నిమిషానికి 40 దెబ్బలు, దెబ్బకు 50 మి.లీ., అంటే రెండు లీటర్లు. మా దగ్గర మొత్తం మూడు లీటర్లే, నిమిషంన్నరకు అంతా బకెట్‌లో ఉంది, కుడి తిత్తి గాలి మింగుతోంది. మనిషి గుండె నిమిషానికి ఐదు లీటర్లు తోస్తుంది, ఒంట్లో ఉన్నదీ దాదాపు అంతే. 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే వాదించింది ఇలాంటి లెక్కతోనే. అరగంటలో పోయే రక్తం ఒంట్లో ఉన్న రక్తాన్నే మించిపోతుంటే, అంత రక్తం ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టడం కుదరదు, తిరిగి రావలసిందే. ధమనుల కొసల నుంచి సిరల్లోకి ఎలా దాటుతుందో అతను చూడలేకపోయాడు. ఆ దారిని, అంటే వెంట్రుకకంటే సన్నటి కేశనాళికలను, 1661లో ఇటలీ శాస్త్రజ్ఞుడు మాల్పీగీ సూక్ష్మదర్శినిలో కప్ప ఊపిరితిత్తుల్లో చూశాడు.

గొట్టం తిరిగి బిగించి, ఎంతసేపు నడుస్తుందో చూద్దామని వదిలేశాం. పదకొండు గంటలకు కుడి పక్క మూడు రెక్కల వాల్వులో ఒక రెక్క అతుకు దగ్గర చిరిగింది. ఇరవై ఆరు వేల పైచిలుకు దెబ్బలు. అసలు గుండెకు అది ఆరు గంటల పని.

"అది అలిసిపోదా మామయ్యా?" అని అడిగింది బుజ్జి. లెక్క కట్టించాను. 0.8 సెకన్లలో జఠరికలు ముడుచుకునేది 0.3. రోజంతా కూడితే తొమ్మిది గంటలు పని, పదిహేను గంటలు సడలింపు, ముక్కలు ముక్కలుగా తీసుకునే సెలవు. ఎడమ జఠరిక తన కండరానికి రక్తం ఎక్కువగా తెచ్చుకునేదీ ఆ సెలవులోనే. ముడుచుకున్నప్పుడు లోపలి నాళాలు నొక్కుకుపోతాయి. గుండె వేగం పెరిగితే కోత ఎక్కువగా పడేది ఆ సడలింపుకే. మేమూ మోటారు వేగం పెంచి చూశాం, తిత్తులు నిండేలోపే పలకలు మూసుకుంటున్నాయి, దెబ్బలు పెరిగాయి గానీ బకెట్‌లో పడేది తగ్గింది.

గ్లవ్ రబ్బరు ఇక వద్దు. సిలికాన్‌తో అచ్చు పోశాం, ఈసారి రెక్క, రింగు ఒకటే ముక్క, అతుకు లేదు. దారాలను కూడా అందులోనే ముంచి పెట్టింది బుజ్జి, ఆ ఆలోచన తనదే. ఆరడానికి ఇరవై నాలుగు గంటలు పడుతుంది. రేపు సాయంత్రం దాకా కుడి గుండెకు సెలవు, కాబట్టి ఎడమదానికి కూడా.